రేవు తవ్వేవాళ్ళ కోసం

మలేషియాకి బయల్దేరినప్పుడు నా పెట్టెలో ఉన్నవి: ప్యాంట్లు రెండు, తెల్ల చొక్కాలు మూడు, లుంగీ, తువ్వాలు, నల్ల అట్ట బైబిలు, పాటల పుస్తకం, దోమతెర, అమ్మ పెట్టిన చింతపండు పచ్చడి సీసా, స్టీల్ ప్లాంట్ పనులు చేస్తున్న కాంట్రాక్టరు పంపిన ఉద్యోగపు ఆర్డరు. ఆ ఆర్డరుని ఇంట్లో వదిలి వెళ్ళొచ్చు. కానీ పెట్టె మూసేముందు దాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి నా చేతికిచ్చింది అమ్మే.

"ఇదీ అట్టుకెల్లు. దేవుడు రెండూ సూడాల," అంది.

రెండూ అంటే ఒకటి తన మొక్కుబడి, ఒకటి నా ఉద్యోగం. నాలుగేళ్ళ వయసులో నాకు కంఠసర్పి వచ్చింది. పెద్దాసుపత్రి పిల్లల వార్డులో గొంతు పూడుకుపోయి నాకు ఊపిరాడకపోతే, అమ్మ మంచం పక్కన మోకరించి, పిల్లాడు బతికితే దేవుడి సేవకి ఇచ్చేస్తానని మొక్కుకుంది. నేను బతికాను. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాను. షిప్‌యార్డులో అప్రెంటిస్‌గా చేశాను. ఇన్నేళ్ళూ ఆ మొక్కుబడి మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆర్డరు వచ్చిన రోజున అమ్మ ఎత్తింది.

"నాను మాటిచ్చీసినాను. అలాగని నీకు ఇష్టం నేకుండా నిన్ను బైబిలు బళ్ళోకి తోసీనేను గదా. మన సంగపోలు మలేసియా ఎల్తన్నారు. నువ్వూ ఎల్లు. అక్కడ దేవుడు నిన్ను పిలిస్తే ఈ ఉద్దోగం వద్దు. పిలవకపోతే నాను మరి నోరెత్తను."

"పిలిచినట్టు ఎలా తెలుస్తాదమ్మా?"

"అగ్గి తగిల్తే తెలీదేటి? అలాగే తెలుస్తాది."

ఒప్పుకున్నాను. షరతు స్పష్టంగా ఉంది, గడువు అక్కడుండే మూడు వారాలు. తిరిగొచ్చాక నేను అవుననో కాదనో చెప్పాలి. అంతకు మించి ఆవిడ నన్ను ఏమీ అడగలేదు.

ఇక్కడ ఇంకొకటి కూడా చెప్పాలి. నాన్న పోర్టులో క్రేన్ డ్రైవరు. అంతకుముందు ఏడాది డ్యూటీ దిగి ఇంటికొచ్చి, అన్నం తిని పడుకుని, మళ్ళీ లేవలేదు. నాకు ఏడుపు రాలేదు. తరవాత వస్తుందన్నారు. తరవాత కూడా రాలేదు. ఆకలి వేసేది, నిద్ర పట్టేది, లెక్కలు సరిగానే వచ్చేవి. మీటరు ముల్లు సున్నా మీద ఆగిపోతే, చెడింది మీటరా, లేక లైనులో కరెంటే లేదా అని ముందు చూసుకోవాలి. నాలో ఏది చెడిందో నాకు తెలియలేదు. అలాంటి మనిషిని ఆవిడ దేవుడి పిలుపు కనిపెట్టి రమ్మని పంపింది.

మేం ముగ్గురం వెళ్ళాం. మొదటివారు పాస్టరుగారు. గోదావరి వైపు నుంచి వచ్చి మా పోర్టు క్వార్టర్స్ సంఘంలో స్థిరపడ్డారు. పెద్దవాళ్ళతో ప్రతి మాటకీ 'అండి' చేరుస్తారు. రెండో ఆయన డోలక్కు వాయించే మావ. పోర్టులో వించి నడిపి, ఓడల్లోంచి సరుకు ఎత్తి దింపి, రిటైరైనవాడు. నాన్నకి స్నేహితుడు, నన్ను అల్లుడూ అని పిలుస్తాడు. మూడోవాణ్ణి నేను. అక్కడి తోటల్లో పనిచేసే తెలుగువాళ్ళకి తెలుగులో దేవుడి వాక్యం చెప్పేవాళ్ళు లేరని, ఒక అరవ సంఘం వాళ్ళు ఉత్తరం రాసి మమ్మల్ని పిలిపించారు. ఓడ టిక్కెట్లు వాళ్ళే కొన్నారు. మద్రాసు దాకా రైలు ఖర్చుకి మా సంఘం ఆడవాళ్ళు పిడికెడు బియ్యం సంచులు తెచ్చారు. పూటపూటా వంటకి తీసిన బియ్యంలోంచి ఒక పిడికెడు పక్కన పెట్టి, ఆదివారం గుడికి తెచ్చి కుమ్మరిస్తారు. ఆ బియ్యం అమ్మితే వచ్చిన డబ్బుతో మేం రైలెక్కాం.

ఓడలో మాకు దొరికింది అడుగున ఉన్న హాల్లో మూడు బంకులు. రంగు వాసన, డీజిలు వాసన, నిమ్మకాయ పచ్చడి వాసన. బంకు ఇనుము మీద చెయ్యి వేస్తే ఇంజను అదురు తెలిసేది. అదురు నిలకడగా ఉంటే ఇంజను బాగున్నట్టు. చాలాసేపు అలా చెయ్యి వేసే కూర్చునేవాణ్ణి.

"ఏటల్లుడూ, ఓడకి జొరం సూస్తన్నావా?" అన్నాడు మావ.

పినాంగు రేవులో దిగగానే విదేశం గురించి నాకు కలిగిన మొదటి అభిప్రాయం క్రేన్ల గురించి. మన వాటికంటే రంగు కొత్తగా ఉంది, పని పద్ధతి అదే. రెండోది రోడ్ల గురించి. శుభ్రంగా ఉన్నాయి. మూడోది వాన గురించి. మధ్యాహ్నం దాటాక వస్తుంది, గంటసేపు కురుస్తుంది, ఆగిపోతుంది, ఎవరూ దాన్ని పట్టించుకోరు. కాఫీలో డబ్బా పాలు పోస్తారు. కొబ్బరితోటలు మన భీమిలి దారిలో ఉన్నట్టే ఉన్నాయి, కాకపోతే గీత గీసినట్టు వరసల్లో, మధ్యలో కాలవలు. కాలవ నీళ్ళు టీ రంగులో ఉంటాయి. కొబ్బరి ఆరబెట్టే బట్టీల పొగ తోటంతా కమ్ముకుని ఉంటుంది. మూడో రోజుకి మా చొక్కాలకీ ఆ వాసన పట్టింది. ఇవన్నీ సరిగ్గానే చూశాను. చూడటం వరకే జరిగింది.

పగలంతా అక్కడి తెలుగువాళ్ళు తోటపనిలో ఉంటారు. సాయంత్రం కూడికలు. మావ డోలక్కు, పాటలు, తరవాత నా సాక్ష్యం, చివర పాస్టరుగారి వాక్యం. నా సాక్ష్యం అంటే ఆ కంఠసర్పి కథే. మొదటిసారి చెప్పినప్పుడు తడబడ్డాను. నాలుగోసారికి ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలిసిపోయింది. అమ్మ మోకరించిన చోటికి రాగానే ముందు వరస ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. నేను ఎక్కాలు అప్పజెప్తున్నట్టు చెప్పుకుపోయేవాణ్ణి. వాళ్ళు ఏడ్చేది నా గురించేనని తెలుసు. పక్కింటి పిల్లాడి గురించి విన్నట్టు ఉండేది. కూడిక అయ్యాక ప్రతిసారీ ఒక నిమిషం అలాగే నిలబడి చూసుకునేవాణ్ణి, ఏమైనా తగిలిందా అని. దోమలు కుట్టేవి.

రెండో వారంలో నది సముద్రంలో కలిసే చోటున్న ఒక తోటకి వెళ్ళాం. అక్కడి లైన్లలో, అంటే కూలీల కోసం వరసగా కట్టిన చెక్క ఇళ్ళలో, పాతిక కుటుంబాల తెలుగు క్రైస్తవులున్నారు. వాళ్ళ తాతలూ తండ్రులూ మన వైపు నుంచే వెళ్ళారు. పిల్లలు తమలో తాము అరవం, మలాయ్ మాట్లాడుకుంటారు. పెద్దవాళ్ళు నోరు విప్పితే మాత్రం మా వీధిలో నిలబడ్డట్టే ఉంది. "ఎవులోలు బాబూ మీరు? ఏ పక్కోలు?" అని ఒకాయన అడిగితే మావ డోలక్కు కింద పెట్టి గట్టిగా నవ్వేశాడు.

"ఓలమ్మ! నాను ఓడెక్కొచ్చినానా, మా పేటలోనే తిరుగుతన్నానా?"

రేకుల గుడిలో ఆదివారం ఆరాధన. ప్రార్థన చేసేది ఒక ముసలావిడ. అందరూ మామ్మ అంటారు. కొత్తగా పెళ్ళయి మొగుడితో వచ్చేసిన ఆవిడకి ఇప్పుడు డెబ్బై దాటి ఉంటాయి. చదువు రాదు. కళ్ళు మూసుకుని, మడతపెట్టిన కొంగు నెత్తిన వేసుకుని మొదలుపెట్టింది. తోట గురించి, వానల గురించి, జబ్బు పడినవాళ్ళ గురించి అయ్యాక, గొంతు మార్చకుండా ఇలా అంది.

"ఇశాపట్నంల రేవు తవ్వుతున్నోలని కాపాడు పెబువా. ఆలకి సలిజొరం రాకుండా సూడు. బురదల కూరుకుపోకుండా సూడు. మట్టి తట్ట బరువుకి మెడ ఇరక్కుండా సూడు."

"ఆలకించు పెబువా," అన్నారు అందరూ. విశాఖపట్నం ఎటువైపుందో తెలియని పిల్లలు కూడా అన్నారు. నేను కళ్ళు తెరిచి పాస్టరుగారి వైపు చూశాను. ఆయనా తెరిచి నా వైపు చూశారు.

భోజనాలు మామ్మ ఇంట్లో. ఆవిడ కొడుకు తోటలో మేస్త్రీ. చేపల పులుసు, అన్నం. పాస్టరుగారు చెయ్యి కడుక్కుని మెల్లగా మొదలుపెట్టారు.

"అమ్మా, ఒక మాట. రేవు తవ్వడం ఎప్పుడో అయిపోయిందండి. యాభై ఏళ్ళయింది. ఓడలు వస్తున్నాయి, వెళ్తున్నాయి. ఆ ఒక్క విన్నపం ఇంక తీసేసుకోవచ్చండి."

మామ్మ వడ్డన ఆపింది. "అయిపోనాదా?"

"అయిపోయిందండి. ఇదిగో, ఈ తమ్ముడు ఆ పక్కనే షిప్‌యార్డులో పనిచేశాడు. అడగండి."

"అక్కడ ఉప్పుటేరుండీది," అంది ఆవిడ నాతో. "మోకాలు లోతు. పీతలు పట్టీవోలం. ఇప్పుడెంత లోతు?"

"ఆరుగురు మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడినా పైవాడి తల మునుగుతుంది మామ్మా." చెక్క నేల మీద బొగ్గుతో గీసి చూపించాను. కొండ ఇక్కడ, కాలవ ఇక్కడ, లోపలి రేవు, తరవాత కట్టిన బయటి రేవు. ఆవిడ వంగి చాలాసేపు చూసింది.

"మరి తవ్వినోలు ఏటైనారు?"

"పనైపోయాక ఇళ్ళకి వెళ్ళిపోయి ఉంటారండి," అన్నారు పాస్టరుగారు.

"మాయన్న తట్టలు మోసీవోడు. నాను ఓడెక్కినపుడు ఆడు బురదలోనే ఉన్నాడు. ఎల్లొస్తానని సెప్తే మెడ తిప్పలేకపోనాడు, నెత్తిన తట్ట. ఇంటికి ఎల్లుంటే ఉత్తరం రాయించీవోడే గదా."

 అప్పుడు మావ రెండు చేతులూ చాచి ఆవిడ ముందు పెట్టాడు.

"ఇవి సూడు మామ్మా. అదే రేవుల ఇరవయ్యేళ్ళు వించి నడిపినాను. నాతో సేసినోలకి ఒకడికి సేతికి రెండు వేళ్ళు నేవు, ఇంకోడికి మూడు నేవు. నాకు పదీ ఉన్నాయి. ఎవులి పుణ్యమా అనుకునీవోన్ని. నువ్వా? ముందే ఓ కార్డు ముక్క రాస్తే నీకో సీర పంపుదును గదే!"

అందరూ నవ్వారు. మామ్మ నవ్వలేదు. ఆ వేళ్ళని ఒక్కొక్కటీ పట్టుకుని చూసింది. చూసి, సరే అన్నట్టు వదిలేసి, మావకి మరో చేపముక్క వేసింది.

"ఇప్పుడక్కడ ఏటి కడతన్నారు?" అని నన్ను అడిగింది.

"స్టీల్ ప్లాంట్. ఉక్కు ఫ్యాక్టరీ."

"ఎవులు కడతన్నారు?"

"చాలామంది. నాకూ ఆర్డరు వచ్చింది మామ్మా."

పాస్టరుగారు నా వైపు చూశారు. మా అమ్మ షరతు ఆయనకి తెలుసు. ఆవిడ అడిగినదానికి జవాబు చెప్పాను, అంతే.

"అక్కడ బయ్యం దేనికి?"

మొదట అర్థం కాలేదు. కొడుకు విడమరిచి చెప్పాడు. ఏ ప్రమాదం ఉందో తెలియకుండా మామ్మ ఎవరి కోసమూ ప్రార్థన చేయదట. చెట్టెక్కే వాళ్ళకి ఒకటి, బట్టీ దగ్గర వాళ్ళకి ఒకటి, నీళ్ళోసుకున్నావిడకి ఒకటి. ఊరికే కాపాడు అంటే దేవుడు ఎక్కడని చూస్తాడు అంటుందట.

పాలిటెక్నిక్‌లో భద్రతా పాఠం నాకు నోటికొచ్చు. చెప్పాను. ఒకటి, ఎత్తు మీంచి పడటం. రెండు, క్రేనుకి కట్టిన బరువు తెగి మీద పడటం. మూడు, వెల్డింగు వెలుగుకి కళ్ళు దెబ్బతినడం. నాలుగు, కరెంటు. ఐదు, గ్యాసు. దానికి రంగు ఉండదు, కొన్నిటికి వాసన కూడా ఉండదు. ఆవిడ ఒక్కోదానికీ తల ఊపింది. గ్యాసు గురించి రెండుసార్లు అడిగింది.

పై ఆదివారం కూడా మేం ఆ తోటలోనే ఉన్నాం. మామ్మ కొంగు నెత్తిన వేసుకుంది. రేవు తవ్వేవాళ్ళ విన్నపం అలాగే ఉంది, ఒక్క మాట కూడా మారలేదు. దాని తరవాత ఇంకొకటి వచ్చింది.

"ఇశాపట్నంల ఇనప పేట్రీ కట్టే ఈ బాబుని కాపాడు పెబువా. ఎత్తు మీంచి పడకుండా సూడు. తాడు తెగి ఏదీ నెత్తి మీద పడకుండా సూడు. ఆ నిప్పెలుగు కళ్ళకి తగలకుండా సూడు. కరెంటు పట్టకుండా సూడు. కనపడని గేసు పీల్చకుండా సూడు."

"ఆలకించు పెబువా."

ఐదూ వచ్చాయి. నేను చెప్పిన వరస తప్పలేదు. ఇప్పుడేమైనా తగలాలి కదా అనుకుని వేచి చూశాను. పైన రేకుల మీద వాన మొదలైంది, దాని చప్పుడుకి తరవాతి విన్నపాలు వినపడలేదు. నా అరచేతులు పొడిగా ఉన్నాయి.

తిరుగు ఓడలో పాస్టరుగారు నా బంకు దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

"తమ్ముడూ, అమ్మగారికి ఏం చెప్తావు?"

"జరిగింది చెప్తానండి."

"ఏం జరిగింది?"

"నాకేమీ జరగలేదండి."

ఆయన "అదే చెప్పు," అన్నారు. వాక్యం ఎత్తుతారేమో అనుకున్నాను. ఎత్తలేదు. వెళ్తూ నా దుప్పటి అంచు బంకులోకి సర్ది వెళ్ళారు.

ఇంటికి చేరేసరికి పగలు పన్నెండైంది. అమ్మ నెత్తళ్ళ చేపలు వేయించింది. నేను తింటుంటే పచ్చడి సీసా కడిగి బోర్లించింది, చొక్కాలు వాసన చూసి బకెట్లో పడేసింది. ఆర్డరున్న కవరు తీసి అలమారలో పెట్టింది. చేయవలసిన పనులన్నీ అయిపోయాక నా ఎదురుగా పీట మీద కూర్చుంది.

"పిలిచినాడా?"

"లేదమ్మా."

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మరి నోరెత్తనని మాటిచ్చింది కాబట్టి మొక్కు మాట ఎత్తలేదు. కానీ లేవలేదు కూడా. ముఖం చూస్తే, ఇరవై ఏళ్ళుగా మోస్తున్నదాన్ని ఎక్కడ దించాలో తెలియని మనిషిలా ఉంది. అది నేను చూడగలిగాను. దానికి నాలోంచి రావలసినది రాలేదు.

"మరేటి జరిగింది అక్కడ?" అంది చివరికి.

వరసగా చెప్పాను. ఓడ, వాన, సాక్ష్యాలు, రేవు తవ్వేవాళ్ళ ప్రార్థన, మావ వేళ్ళు, నేను చెప్పిన ఐదు ప్రమాదాలు, రెండో ఆదివారం. అమ్మ మధ్యలో ఆపింది.

"నీ పేరెట్టి సేసిందా?"

"పేరు కాదు. ఇనప పేట్రీ కట్టే బాబు అని."

"మల్లా సేస్తాదా? ప్రెతి ఆదోరమూనా?"

"యాభై ఏళ్ళ కిందటి పనే ఇంకా తియ్యలేదమ్మా. పాస్టరుగారు చెప్పినా తియ్యలేదు. ఆవిడ పోయాక పిల్లలు చేస్తారు."

 బయట చేపలమ్మి కేకేసుకుంటూ వెళ్ళిపోయినా అమ్మ పిలవలేదు.

"అయితే నువ్వు ఆ పేట్రీలోనే ఉండాల," అంది. "అంతమంది అంత దూరం నుంచి ఆ పేట్రీ మీద నీకోసం పారదన సేస్తంటే, నువ్వు బైబిలు బళ్ళో కూకుంటే ఎలగ? ఆ పారదన ఎవులి మీద పడాల? కాలీగా పోదా?"

"మరి నీ మొక్కుబడి?"

"అది నాది. నీది గాదు. నాను మొక్కినాను, నాను సూసుకుంటాను. దేవుడితో నాను మాటాడుకుంటాను, నువ్వు మద్దిన రాకు."

లేచి అలమారలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టింది. "ఎప్పుడు సేరమన్నారు?"

"సోమవారం."

దానికి ముందు ఆదివారం వచ్చింది. గుడిలో నన్ను నిలబెట్టి అభిప్రాయం చెప్పమన్నారు. అక్కడి వానల గురించి, తోటల గురించి, రేవు తవ్వేవాళ్ళ ప్రార్థన గురించి చెప్పి కూర్చున్నాను. పిలుపు మాట నేను ఎత్తలేదు, ఎవరూ అడగలేదు. మావ లేచి పది వేళ్ళూ పైకెత్తి సంఘానికి చూపించాడు. పిడికెడు బియ్యం తెచ్చిన ఆడవాళ్ళు నోళ్ళకి కొంగులడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆరాధన అయ్యాక అమ్మ ఇంటివైపు తిరగలేదు. బస్టాపు వైపు నడిచింది. చేతిలో బైబిలు, ఒక ఫ్లాస్కు, చిన్న బిస్కట్ల పొట్లం.

"ఎక్కడికమ్మా?"

"పెద్దాసుపత్రికి. పిల్లల వార్డుకి. నిన్న నర్సమ్మనడిగినాను, రమ్మంది. ప్రెతి ఆదోరమూ ఎల్తాను. ఆ మంచాల కాడ మోకరించడానికి ఒకరు గావాల గదా, అది నువ్వే అవ్వాలని రాసుందేటి?"

నాలుగైదేళ్ళయింది, ఇప్పటికీ వెళ్తోంది. నేను ప్లాంటులోనే ఉన్నాను. మామ్మ వాళ్ళ తోటలో ఆదివారం మనకంటే ముందు తెల్లవారుతుంది. ఆదివారం డ్యూటీ పడినప్పుడు నేను నిచ్చెన ఎక్కేసరికి అక్కడ వాళ్ళ ప్రార్థన అయిపోయి ఉంటుంది. బెల్టు కొక్కెం తగిలించి, ఒకసారి లాగి చూసుకుని, పని మొదలుపెడతాను.

ఆ మొదటి ఆదివారం బస్సు నిండుగా వచ్చింది. అమ్మని ఎక్కించి, కిటికీలోంచి ఫ్లాస్కు అందించాను. నాకు అప్పుడూ ఏమీ అనిపించలేదు. బస్సు మలుపు తిరిగేదాకా మాత్రం అక్కడే నిలబడ్డాను.